నోట్ నిలబడటం లేదా? ఎలక్ట్రిక్ గిటార్‌లో సస్టెయిన్ తెచ్చుకునే క్రమం

"సస్టెయిన్ కోసం ఏ పెడల్ కొనాలి సార్?" గిటార్ నేర్పడం మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే. నేను చెప్పేది కూడా ఒకటే: ముందు కేబుల్ తీసేసి, ఎడమ చేతి వేలు ఎక్కడ పెడుతున్నారో చూపించండి.

మీటిన స్వరం ఎంతసేపు మోగుతుందో అదే సస్టెయిన్. కర్ణాటక సంగీతంలో ఒక స్వరం మీద నిలబడి కార్వై ఇస్తారు కదా, అది గిటార్ మీద పలకాలంటే సస్టెయిన్ ఉండాలి. గమకానికీ, జారుకీ అంతే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ వాయించింది ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. మామూలు మాండలిన్‌లో స్వరం టక్కున ఆరిపోతుంది, గమకం వేసేంత వ్యవధి దొరకదు.

ఒక్క విషయం ముందే అర్థం చేసుకుంటే పని సులువు. తీగకు మీరు శక్తి ఇచ్చేది మీటిన ఆ క్షణంలోనే. ఆ తర్వాత గిటార్ దాన్ని పెంచదు, పోగొట్టుకుంటూ పోతుంది. మెత్తగా నొక్కిన వేలు, తుప్పు పట్టిన తీగ, వదులైన స్క్రూ, దగ్గరగా ఉన్న పికప్ (తీగ ఊపును పట్టి ఆంప్‌కు పంపే భాగం) అయస్కాంతం, ఇవన్నీ ఆ శక్తిని తినేస్తాయి. అందుకే మన పని పెడల్‌తో మొదలవదు. కారిపోయే చోట్లను ఒక్కొక్కటిగా మూసుకుంటూ వెళ్లాలి. కింది క్రమాన్ని మార్చకండి. ఖర్చు లేనివి ముందు, ఖర్చున్నవి చివర పెట్టాను.

1. ముందు కొలవండి

దగ్గర పెట్టుకోవలసినవి:

- కొత్త తీగల సెట్, ట్యూనర్
- మీ గిటార్‌కు సరిపోయే అల్లెన్ కీలు, స్క్రూడ్రైవర్
- అంచు నుంచే మిల్లీమీటర్ గీతలు మొదలయ్యే స్టీల్ స్కేల్
- కేపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్)
- ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక నోట్‌బుక్

గిటార్‌ను ట్యూన్ చేసి, ఆంప్‌ను క్లీన్ సౌండ్‌లో మామూలు వాల్యూమ్‌లో ఉంచండి. ఎఫెక్ట్స్ అన్నీ ఆఫ్. 3వ తీగను (అన్నిటికన్నా సన్నటిది 1, లావుది 6) ఏ ఫ్రెట్టూ నొక్కకుండా ఖాళీగా, తర్వాత 1, 5, 7, 9, 12 ఫ్రెట్ల దగ్గర మీటి, వినబడటం ఆగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ఒక్కో చోట మూడుసార్లు చేయండి. మిగతా తీగల మీద కూడా ఇదే పని.

అంకె ఎంతో పెద్దదిగా ఉండాలని లేదు. పక్కపక్క ఫ్రెట్ల మధ్య తేడా చూడండి. తప్పు ఎక్కడుందో ఆ తేడాయే చెబుతుంది:

- ఖాళీ తీగ త్వరగా ఆగి, 1వ ఫ్రెట్ నొక్కితే బాగా మోగితే నట్‌ను (నెక్ పైచివర తీగలు కూర్చునే గాడుల పట్టీని) అనుమానించండి.
- ఖాళీ తీగ బాగుండి, నొక్కిన ప్రతిచోటా ఆగిపోతే వేళ్లు గానీ యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) గానీ కారణం.
- ఒకే తీగ అన్నిచోట్లా బలహీనంగా ఉంటే ఆ తీగ, దాని శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) చూడాలి.
- ఒకటి రెండు ఫ్రెట్ల దగ్గర మాత్రమే చచ్చిపోతే 8వ అంకం చదవండి.

2. నొక్కే వేలు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టమంటాను. నా దగ్గరకు వచ్చే ఒక అబ్బాయి జీతం దాచుకుని కంప్రెసర్ పెడల్ కొన్నాడు, అయినా నోట్ నిలవలేదు. పక్కన కూర్చుని అతని ఉంగరపు వేలి గోరు చూశాను. మీటే క్షణంలో గోరు తెల్లబడింది. అర సెకను కూడా కాకముందే మళ్లీ ఎర్రదనం వచ్చేసింది. నోట్ ఆగింది సరిగ్గా అప్పుడే. మీటగానే పని అయిపోయిందని చెయ్యి అనుకుంటోంది, పట్టు వదిలేస్తోంది. అతనికి మాత్రం ఆ సంగతి తెలియదు. మీరూ మీ గోరు రంగు చూసుకోండి. ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

సరిగా నొక్కే పద్ధతి:

1. వేలికొన ఫ్రెట్ లోహానికి ఆనుకుని, దాని వెనకే ఉండాలి. రెండు ఫ్రెట్ల నడుమ పెడితే ఎక్కువ బలం కావాలి, అయినా జరజరమంటుంది. ఫ్రెట్ మీదికి ఎక్కితే స్వరం మూగబోతుంది.
2. తీగను ముట్టీ ముట్టనట్టు తాకి, మీటుతూ నెమ్మదిగా బలం పెంచండి. జర పోయి స్వరం శుభ్రంగా పలికిన చోట ఆగండి. అది కనీస బలం. దానికి ఇంకొంచెం కలిపి, అక్కడే ఉంచండి.
3. అంతకు మించి నొక్కితే శ్రుతి పైకి పోతుంది, చెయ్యి అలసిపోతుంది. ఎత్తైన ఫ్రెట్లున్న గిటార్లలో ఇది మరీ ఎక్కువ.
4. తర్వాతి స్వరం మోగేదాకా ఈ వేలు లేవకూడదు. స్వరాల మధ్య ఖాళీలు వచ్చేది వేలు ముందే లేవడం వల్ల. వినేవాళ్లకు అది సస్టెయిన్ లోపంగానే తోస్తుంది.

బెండ్ చేసేటప్పుడు (తీగను పక్కకు తోసి శ్రుతి పెంచేటప్పుడు) ఉంగరపు వేలు ఒక్కదానితో తోయకండి. మధ్య వేలు, చూపుడు వేలు అదే తీగ మీద వెనక ఆసరాగా ఉండాలి. పైకి తోసే ధ్యాసలో కిందికి నొక్కే బలం తగ్గిపోతుంది, స్వరం చచ్చిపోతుంది. పైకి చేరాక కూడా గోరు తెల్లగానే ఉందా?

వైబ్రేటో గురించి ఒక మాట. అది తీగకు పెద్దగా కొత్త శక్తి ఇవ్వదు. కానీ స్వరం సన్నబడుతున్నప్పుడు చెవిని దాని మీదే నిలుపుతుంది, అందుకే నోట్ ఇంకా సాగుతున్నట్టు ఉంటుంది. మీటగానే వణికించకండి. స్వరం శ్రుతిలో కుదురుకోనిచ్చి, అప్పుడు మణికట్టుతో నెమ్మదిగా మొదలుపెట్టండి. వేలితో చేస్తే పట్టు జారుతుంది.

3. మీటే చెయ్యి

గట్టిగా కొడితే ఎక్కువసేపు మోగుతుందనుకుంటారు. కొంతవరకే నిజం. పిక్‌తో తీగను బాడీ వైపు నొక్కుతూ కొడితే తీగ పైకీ కిందికీ ఊగి ఫ్రెట్లకు కొట్టుకుంటుంది, మొదటి క్షణంలోనే చాలా శక్తి పోతుంది. పిక్ బాడీకి సమాంతరంగా తీగను దాటిపోవాలి.

మెత్తటి పిక్ వంగిపోయి బలాన్ని తనే మింగుతుంది. సోలోలకు 1 మిల్లీమీటర్ చుట్టుపక్కల మందం ఉన్నది వాడి చూడండి. బ్రిడ్జ్ పక్కన మీటితే శబ్దం పదునుగా, పలుచగా వస్తుంది. నెక్ వైపు జరిగేకొద్దీ నిండుగా వస్తుంది. సాగే స్వరాలకు నెక్ పికప్ మీదుగా మీటడం నాకు ఇష్టం.

కుడి అరచేతి అంచు తెలియకుండా బ్రిడ్జ్ ముందు తీగల మీద ఆనుతోందేమో గమనించండి. చాలామందిలో చూశాను. వాయించని లావు తీగలను ఆపడానికి ఆ అంచు కావాలి, కానీ మోగుతున్న తీగను అది తాకకూడదు.

4. తీగలు

సాగర తీరంలో ఉండేవాళ్లకు తీగ తుప్పే మొదటి శత్రువు. విశాఖ, కాకినాడ గాలిలో తేమ, ఉప్పు ఉంటాయి. దానికి చేతి చెమట తోడైతే తీగ చూస్తుండగానే నల్లబడుతుంది. లావు తీగల చుట్ల మధ్య మురికి చేరితే అవి మొద్దుబారి, స్వరం ముందు మెరుపు పోగొట్టుకుని తర్వాత నిడివి కూడా పోగొట్టుకుంటుంది. 3వ తీగ అడుగును ఫ్రెట్లకు తగిలే చోట గోటితో తడమండి. గంట్లు తగిలితే మార్చే టైమ్ వచ్చినట్టే.

మార్చేటప్పుడు:

- ట్యూనింగ్ పెగ్ చుట్టూ రెండు మూడు చుట్లు, కిందికి వరుసగా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా.
- ట్యూన్ చేశాక 12వ ఫ్రెట్ దగ్గర మెల్లగా లాగి, మళ్లీ ట్యూన్ చేయాలి. ఇక జారదు అనేదాకా.
- శాడిల్ ముందూ నట్ ముందూ తీగను వేలితో మెల్లగా కిందికి నొక్కండి. అక్కడ తీగ విల్లులా వంగి ఉంటే స్వరం మసకగా ఉంటుంది. ఆ వంపు తీరిపోవాలి.
- వాయించాక ప్రతిసారీ పొడి కాటన్ గుడ్డతో తీగల పైనా కిందా తుడవండి.

తీగ మందం 9 గేజ్ నుంచి 10కి మారితే కాస్త బరువు పెరిగి, తీగ తక్కువ వ్యాప్తిలో ఊగుతుంది, స్వరం గట్టిగా నిలుస్తుంది. కానీ బెండ్ కష్టమై పట్టు సడలితే లాభమంతా పోయినట్టే. చెయ్యి అలవాటు పడిన గేజే మంచిది. గేజ్ మార్చితే 6వ అంకం మళ్లీ చేసుకోవాలి.

5. వదులైనవన్నీ బిగించండి

తీగ అంచులు గట్టిగా ఉన్న చోట నిలవాలి. అక్కడ కదలిక ఉంటే శక్తి అటు పోతుంది.

- ట్యూనింగ్ పెగ్‌ల నట్లు, వెనక చిన్న స్క్రూలు
- శాడిల్ ఎత్తు స్క్రూలు. రెండూ కింద ప్లేటుకు ఆనాలి, ఒకటి గాలిలో ఉండకూడదు.
- నెక్‌ను బాడీకి పట్టి ఉంచే స్క్రూలు. తిరగడం ఆగేదాకా చాలు, బలవంతం చేస్తే చెక్క చిట్లుతుంది.

గాలిలో తేలే ట్రెమోలో బ్రిడ్జ్ ఉందా? వామీ బార్ (ఆ బ్రిడ్జ్‌ను ఊపే కడ్డీ) మీరు వాడకపోతే, వెనక మూత తీసి, స్ప్రింగులు తగిలించిన క్లా స్క్రూలను రెండు వైపులా సమానంగా బిగించి, బ్రిడ్జ్ బాడీకి ఆనేలా చేయండి. తేలే బ్రిడ్జ్ ప్రతి స్వరంతో పాటు కొంచెం ఊగుతుంది. ఆనిన బ్రిడ్జ్ ఊగదు. తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. తర్వాత ట్యూనింగ్, యాక్షన్ మళ్లీ చూసుకోవాలి. లాక్ అయ్యే రకం బ్రిడ్జ్ అయితే ఈ పని తెలిసినవాళ్ల చేత చేయించండి.

నట్ గాడి వెడల్పై తీగ అందులో ఆడుతుంటే దాన్ని ఇంట్లో ఆకురాయితో రుద్దకండి. ఒకసారి ఎక్కువ పోతే మళ్లీ రాదు. రిపేర్ చేసేవారికి ఇవ్వండి.

6. నెక్ వంపు, యాక్షన్

యాక్షన్ బాగా తగ్గించి, తీగలు ఫ్రెట్లకు రాసుకుంటుంటే సస్టెయిన్ కోసం వెతకడంలో అర్థం లేదు. ఆ చిన్న జర ఆంప్‌లో వినపడకపోవచ్చు, తీగ శక్తిని మాత్రం తినేస్తుంది.

నెక్ వంపు కొలిచే పద్ధతి:

1. గిటార్‌ను ట్యూన్‌లో ఉంచి, వాయించే భంగిమలోనే పట్టుకోండి.
2. 1వ ఫ్రెట్ మీద కేపో పెట్టండి. నెక్ బాడీలో కలిసే చోట ఫ్రెట్‌ను 6వ తీగ మీద నొక్కండి.
3. 7, 8 ఫ్రెట్ల దగ్గర తీగ అడుగుకూ ఫ్రెట్ తలకూ మధ్య సందు చూడండి. 0.25 మిల్లీమీటర్ దగ్గర ఉంటే మంచిది.

ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచని రేకులు) లేకపోతే చిన్న ఉపాయం: 10 గేజ్ సెట్‌లోని 1వ తీగ మందం 0.010 అంగుళం, అంటే దాదాపు 0.25 మిల్లీమీటర్. కత్తిరించి పారేసే ముక్క ఒకటి దాచుకోండి. సందులోకి అది తీగను కదపకుండా, వదులుగా కాకుండా దూరితే వంపు సరిపోయింది.

సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీని) కుడివైపు, సందు చాలకపోతే ఎడమవైపు, ఒక్కోసారి ఎనిమిదో వంతు మలుపు మాత్రమే తిప్పండి. మళ్లీ ట్యూన్ చేసి, కాసేపు ఆగి కొలవండి. కీ గట్టిగా అడ్డుపడితే ఆపేయండి. విరిగిన ట్రస్ రాడ్ అంటే దాదాపు కొత్త నెక్ ఖర్చు.

తర్వాత యాక్షన్. కేపో తీసేసి, 12వ ఫ్రెట్ తల నుంచి తీగ అడుగు వరకు 6వ తీగకు సుమారు 2, 1వ తీగకు 1.5 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. ఒక్కో ఫ్రెట్ వాయించి, జర ఉన్న తీగను శాడిల్ దగ్గర పావు మలుపు పైకి ఎత్తండి. 1వ, 2వ తీగలను పై ఫ్రెట్ల దగ్గర ఒక పూర్తి స్వరం బెండ్ చేసి చూడటం మరవకండి. పాత పద్ధతిలో గుండ్రంగా ఉండే ఫింగర్‌బోర్డు మీద యాక్షన్ తక్కువైతే, మామూలుగా బాగా మోగే స్వరం బెండ్ పైకి చేరగానే గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. దానికి మందు యాక్షన్ పెంచడమే.

7. పికప్ ఎత్తు

ఈ తప్పు నేనే చాలాకాలం చేశాను. సౌండ్ పెద్దగా రావాలని పికప్‌లను పైకి లేపుకున్నాను. లావు తీగలు 12వ ఫ్రెట్ దాటాక శ్రుతి తప్పినట్టు, ఒక స్వరంలో రెండు స్వరాలు కొట్టుకుంటున్నట్టు వినిపించేవి. ట్యూనింగ్ పెగ్‌లు మార్చాను, లాభం లేదు. కారణం అయస్కాంతం. తీగ ఉక్కుది కాబట్టి దగ్గరగా ఉన్న పికప్ దాన్ని లాగి, ఊగనివ్వదు. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లలో అయస్కాంతపు కడ్డీలు నేరుగా తీగల కిందే ఉంటాయి కాబట్టి వాటిలో ఇది ఎక్కువ.

- తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, పికప్ కడ్డీ తల నుంచి తీగ అడుగు వరకు కొలవండి.
- సింగిల్ కాయిల్‌కు 6వ తీగ వైపు 2 నుంచి 2.5, 1వ తీగ వైపు 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు.
- హంబకర్‌కు (రెండు తీగచుట్టలున్న పికప్‌కు) రెండు వైపులా 1.6 నుంచి 2 మధ్య మొదలుపెట్టవచ్చు.
- తర్వాత చెవితో. 6వ తీగను 12 నుంచి 17వ ఫ్రెట్ దాకా వాయించండి. స్వరం కొట్టుకుంటుంటే నెక్ పికప్‌ను అర మలుపు కిందికి.

వాల్యూమ్ కొంచెం తగ్గుతుంది. దాన్ని ఆంప్‌లో పెంచుకోండి, పోయిన సస్టెయిన్‌ను ఆంప్ ఇవ్వలేదు.

8. ఒక్క చోటే ఆగిపోతే: డెడ్ స్పాట్

అన్నీ సరిచేశాక కూడా ఒక ఫ్రెట్ దగ్గర స్వరం పడిపోతుందా? 3వ తీగ మీద 5, 7 ఫ్రెట్ల పరిసరాల్లో చాలా గిటార్లకు ఇది ఉంటుంది, ముఖ్యంగా స్క్రూలతో నెక్ బిగించిన రకాలకు. ఆ స్వరం దగ్గర నెక్ తనే ఊగడం మొదలుపెట్టి తీగ శక్తిని లాక్కుంటుంది. గిటార్ పాడైపోయిందని టెన్షన్ పడకండి.

నిర్ధారించుకోవడానికి, 3వ తీగ 7వ ఫ్రెట్‌లో పలికే స్వరమే 4వ తీగ 12వ ఫ్రెట్‌లోనూ, 2వ తీగ 3వ ఫ్రెట్‌లోనూ ఉంటుంది. అక్కడ బాగా మోగి, ఇక్కడ మాత్రమే ఆగితే, జర కూడా లేకపోతే, అది డెడ్ స్పాటే.

ఇప్పుడు కేపోను హెడ్‌స్టాక్‌కు (పెగ్‌లుండే నెక్ చివరి భాగానికి) బిగించి అదే స్వరం వాయించండి. బరువు మారడంతో నెక్ ఊగే తీరు మారి, డెడ్ స్పాట్ పక్కకు జరుగుతుంది. అది మీరు పెద్దగా వాడని స్వరం మీదికి వెళ్తే హెడ్‌స్టాక్‌కు తగిలించే బరువు క్లాంప్ ఉంచుకోవచ్చు. లేదంటే పొడవైన స్వరాన్ని పక్క తీగ మీద వాయించండి. నేను చేసేది ఈ రెండోదే.

9. ఇప్పుడు ఆంప్, పెడల్స్

ఇక్కడిదాకా వచ్చాక పెడల్ నిజంగా పనిచేస్తుంది. కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని అణచి, సన్నబడే తోకను పైకి తెస్తుంది. ఓవర్‌డ్రైవ్ కూడా తీగ బలం తగ్గినా శబ్దాన్ని దాదాపు అదే స్థాయిలో ఉంచుతుంది. ముందు కంప్రెసర్, తర్వాత ఓవర్‌డ్రైవ్.

- కంప్రెసర్ సస్టెయిన్ నాబ్‌ను సగంలో మొదలుపెట్టి, పెడల్ ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ వాల్యూమ్ ఒకేలా ఉండేట్టు లెవెల్ సరిచేయండి.
- ఓవర్‌డ్రైవ్ గెయిన్ సగం దగ్గర. పూర్తిగా పెంచితే స్వరం ముద్దయిపోయి, హోరు పెరుగుతుంది.
- డిలే (స్వరాన్ని కాసేపటికి మళ్లీ వినిపించే ఎఫెక్ట్) 350 నుంచి 400 మిల్లీసెకన్లు, రెండు మూడు రిపీట్స్, మిక్స్ తక్కువ. స్వరం ఆరే చోట అది ఆసరా ఇస్తుంది.

పదే పదే చూసే తప్పు నాయిస్ గేట్, అంటే ఒక స్థాయి (త్రెషోల్డ్) కంటే చిన్న శబ్దాన్ని ఆపేసే ఎఫెక్ట్. హోరు పోవాలని త్రెషోల్డ్ పెంచేస్తారు, అది స్వరం తోకను కోసేస్తుంది. ఒక పొడవైన నోట్ మీటి, అది పూర్తిగా ఆరేదాకా వింటూ, తోక తెగని చోటికి తగ్గించండి.

ఆంప్ ఎదురుగా నిలబడి పెద్ద వాల్యూమ్‌లో వాయిస్తే స్పీకర్ శబ్దమే తీగను తిరిగి ఊపుతుంది, స్వరం ఆగనే ఆగదు. నిలబడే దూరం, కోణం మారిస్తే పట్టుకునే స్వరం మారుతుంది. చెవులకు రక్షణ లేకుండా ఇది చేయకండి. అపార్ట్‌మెంట్‌లో, హెడ్‌ఫోన్స్‌లో ఇది రాదు. అంత సాగే స్వరం తప్పనిసరి అయితే, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తూ ఒక్క తీగను అయస్కాంతంతో ఊపే ఇ-బో ఉంది.

10. రోజూ 15 నిమిషాలు

ఫోన్‌లో తంబూరా యాప్‌ను సి శ్రుతిలో పెట్టి, మెట్రోనోమ్ 60లో ఉంచండి. క్లీన్ సౌండ్, 3వ తీగ ఒక్కటే. శంకరాభరణం స్వరాలు ఇలా వస్తాయి: స 5, రి 7, గ 9, మ 10, ప 12, ద 14, ని 16, పై స 17వ ఫ్రెట్.

1. ఒక్కో స్వరం 4 దెబ్బలు. నాలుగో దెబ్బ పూర్తయ్యేదాకా వేలు లేవకూడదు. ఆరోహణ, అవరోహణ.
2. అదే 8 దెబ్బలు. చివరి నాలుగింటిలో మాత్రమే వైబ్రేటో.
3. స మీటి, తీగ మీద ఒత్తిడి తగ్గించకుండా రికి జారండి, మళ్లీ మీటకుండా 4 దెబ్బలు నిలపండి. తర్వాత రి నుంచి గ. జారేటప్పుడు స్వరం తెగితే పట్టు సడలినట్టు.
4. ఒక్కసారి మీటి స, రి, గ మూడూ జారుతో దాటండి. మూడో స్వరం తంబూరా మీద వినబడాలి.

రికార్డ్ చేసుకుని వినండి. వాయిస్తున్నప్పుడు చెవి తర్వాతి స్వరం కోసం పరుగెడుతుంది, రికార్డింగ్‌లో మాత్రం ప్రతి ఖాళీ తెలుస్తుంది.

నెల తర్వాత అవే తీగలు కాకుండా కొత్త సెట్ వేసి, 1వ అంకంలో రాసుకున్న ఫ్రెట్ల దగ్గరే మళ్లీ స్టాప్‌వాచ్ పెట్టండి. పాత పేజీ పక్కనే కొత్త అంకెలు రాయండి. ఇంకా వెనకబడిన ఫ్రెట్ ఏదైనా ఉంటే, అక్కడ గోరు రంగు చూడటంతో మళ్లీ మొదలుపెట్టండి.